రంగు ఆరేదాకా

మా దీవుల్లో పులి లేదు. ఎప్పుడూ లేదు. అడవిలోకి వెళ్తే అడవిపంది ఉంటుంది, జింకలుంటాయి, వాగు సముద్రంలో కలిసే చోట మొసలి ఉంటుంది. పులిని చూడాలంటే ఓడెక్కి మూడు రోజులు ప్రయాణం చేసి మెయిన్‌లాండ్‌లో దిగి, అక్కడ జూలో టికెట్టు కొనుక్కోవాలి. అయినా ఇక్కడ ఏ బడిలో బొమ్మల పోటీ పెట్టినా సగం మంది పిల్లలు పులినే వేస్తారు. కళ్ల ముందున్న మొసలి ఎవరికీ పట్టదు. గోడల మీద బొమ్మలు వేసి బతికేదాన్ని కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు. నర్సరీ బడి గోడలు, పడవల మీద పేర్లు, దుకాణాల బోర్డులు, ఏది చెప్తే అది వేస్తాను. ఏ బడికి వెళ్లినా పిల్లలు చుట్టూ చేరి "దీదీ, బాఘ్ బనావో" అంటారు. పులి వెయ్యమని.

నాకు పులి తెలిసింది మా నాన్న వల్ల. నాన్న ఓడలు బాగుచేసే షెడ్డులో పెయింటరు. ఏడాది పొడుగునా ఓడల అడుగున తుప్పు గీకి ఎర్ర రంగు కొట్టేవాడు. దసరా రోజుల్లో మాత్రం పులుల్ని వేసేవాడు, మనుషుల ఒళ్ల మీద. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి డాలీగంజ్‌లో స్థిరపడినప్పుడు పులివేషం కూడా వాళ్లతోపాటు ఓడెక్కి వచ్చింది. దసరాకి మా వీధిలో ఐదారుగురు పులి కట్టేవాళ్లు. తెల్లవారగానే మా వరండాలో వరస కట్టేవాళ్లు.

వేషం కట్టేవాడు లంగోటాతో, రెండు చేతులూ బార్లా చాపి, రెండు వెదురు గడల్ని పట్టుకుని నిలబడాలి. నాన్న ముందు ఒళ్లంతా పసుపుపచ్చ రంగు పూసేవాడు. అది ఆరాక నల్ల చారలు. అవి ఆరాక తెల్ల చుక్కలు. అన్నీ ఎనామిల్ రంగులే, పండగయ్యాక కిరసనాయిలుతో రుద్ది తీసుకోవాల్సిందే. రంగు తడి ఆరేదాకా మనిషి కూర్చోకూడదు, గోడకి ఆనకూడదు, చేతులు దించకూడదు. మా దీవుల్లో గాలిలోనే సగం నీళ్లుంటాయి, ఏదీ ఒక పట్టాన ఆరదు. పెద్ద స్టాండు ఫ్యాను ఎదురుగా పెడితే గంటన్నరకి ఆరేది. కరెంటు పోయిందా, మధ్యాహ్నం అన్నం వేళదాకా అలా గడలు పట్టుకుని నిలబడాల్సిందే. ముక్కు మీద దోమ వాలితే నేను వెళ్లి ఊదేదాన్ని.

చారల విషయంలో నాన్నకి ఒక పట్టింపు ఉండేది. ఒకడికి వేసిన చార ఇంకొకడికి వేసేవాడు కాదు. గీసే ముందు మనిషి చుట్టూ తిరిగి చూసేవాడు. పక్కటెముక ఎక్కడ తేలింది, భుజం కండ ఎటు తిరిగింది, పాత గాయం మచ్చ ఎక్కడుంది, అన్నీ చూసి అక్కడి నుంచి చార లాగేవాడు. "చార ఒంట్లోంచి రావాలమ్మా, మన బుర్రలోంచి కాదు" అనేవాడు. మొహానికి పులి తల తగిలించాక అందరూ ఒకేలా ఉంటారు కదా, అయినా డప్పుల మధ్య ఎగురుతున్న ఆరుగురిలో ఎవరి మనిషిని వాళ్లు చారల్ని బట్టి పోల్చుకునేవాళ్లు. తన వీపు మీద మాత్రం నాన్న గీసుకోలేడు కాబట్టి అమ్మ గీసేది. ఆయన చెప్పినట్టే గీసేది గానీ మెడ కింద ఒక చార తనకి నచ్చినట్టు వంచేది.

నేను పదో తరగతిలో ఉండగా పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పెద్ద హాల్లో వన్యప్రాణుల వారోత్సవానికి బొమ్మల పోటీ పెట్టారు. ఇంటి దగ్గర వేసి తీసుకురావచ్చన్నారు. నేను పులి వేశాను. పులిని నేనెక్కడ చూశాను? నాన్నని చూశాను. వారం రోజులు ఆయన షెడ్డు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వరండాలో చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి తల ఎత్తి నిలిచేవాడు. నేను చూసి గీసేదాన్ని. సిమెంటు గచ్చు మీద మోకాళ్లు ఒరుసుకుపోయినా ఎంతసేపని ఒక్కసారి కూడా అడగలేదు. వేషంలో పులి అలాగే నడుస్తుంది, మోకాలు నేలకి ఆనించి. కాబట్టి నా బొమ్మలో పులి కూడా మోకాలు నేలకి ఆనించి నిలిచింది. మా వీధిలో చూసినవాళ్లందరూ అచ్చం పులే అన్నారు. మా వీధిలో ఎవరూ వేరే పులిని చూడలేదు మరి.

పోటీకి జడ్జిగా మెయిన్‌లాండ్ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు వచ్చాడు. తెలుగాయన. పులుల బొమ్మలు వెయ్యడంలో గొప్ప పేరు. ఆయన వేసిన పులి కేలండర్లలోకి కూడా ఎక్కిందని చెప్పుకునేవాళ్లు. మావాళ్లందరికీ ఆయన పులుల సారు. ఆయన అని రాస్తున్నాను గానీ ఇన్నేళ్లూ మనసులో వేరే మాటే అనుకున్నాను. తెలుగాయన జడ్జి అని విని నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు వరసల్లోనే కూర్చున్నాడు.

ఆయన మైకు దగ్గరికి నా బొమ్మ పట్టుకొచ్చాడు. ఫస్టు ప్రైజు నాదే అనుకున్నాను. బొమ్మ పైకెత్తి హాలంతటికీ చూపించి, "బచ్చో, ఇస్‌కా ఘుట్‌నా దేఖో" అన్నాడు. దీని మోకాలు చూడండి అని. తర్వాత నావైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"ఏమ్మా, ఇది పులా, పులివేషం కట్టిన మనిషా?"

నేను బొమ్మ వైపు చూశాను.

"ఎవర్ని చూసి వేశావు?"

"మా నాన్ననండీ." గర్వంగానే చెప్పాను. ఇప్పటికీ ఆ గర్వం తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

"ఏరీ మీ నాన్న? ఒకసారి లేవండి, అందరూ చూస్తారు."

నాన్న లేచి నిలబడ్డాడు.

"ప్యాంటు కొంచెం పైకి మడవండి. ఫర్వాలేదు, మోకాలే కదా."

నాన్న వంగి ప్యాంటు మడిచాడు. ఆయన నా బొమ్మలో మోకాలు వేలితో చూపించి, నాన్న మోకాలు చూపించి, రెండూ ఒకటేనని హిందీలో చెప్పాడు. పులి వెనక కాలికి నడిచేటప్పుడు మోకాలు నేలకి రాదని, మనం మోకాలనుకునేది దాని మడమ అని, అది ఎప్పుడూ గాల్లోనే ఉంటుందని వివరించాడు. చెప్పింది నిజమే. హాలంతా పగలబడి నవ్వింది. బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి కూడా నవ్వింది. ఆయన నా బొమ్మ పక్కన పెట్టి తర్వాత బొమ్మ తీశాడు.

నాన్నని కూర్చోమనలేదు. మరిచిపోయాడో, అవసరం లేదనుకున్నాడో. నాన్న షెడ్డు మనిషి. ఆఫీసరు లేవమంటే లేచి, కూర్చోమనేదాకా నిలబడే అలవాటు. ప్యాంటు ఒక కాలికి మడిచి ఉండగానే, బహుమతులన్నీ ఇచ్చేదాకా, అందరూ చప్పట్లు కొడుతుంటే తనూ కొడుతూ, అలాగే నిలబడ్డాడు. వెనకవాళ్లు "బైఠో భయ్యా", కూర్చోవయ్యా, అని విసుక్కున్నారు. నాన్న స్టేజీ వైపే చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఆయన స్టేజీ దిగి వెళ్లిపోయాక, నాన్న ప్యాంటు దించుకుని, నా బొమ్మ అడిగి తీసుకుని, చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

మరుసటి దసరాకి మనుషులు వరండాలోకి వస్తే మోకాళ్ల నొప్పులన్నాడు. ఆ పై ఏడూ అదే అన్నాడు. మూడో ఏడు ఎవరూ రాలేదు. వెదురు గడలు పెరట్లో చిక్కుడు పాదుకి పందిరయ్యాయి. ఆయనకి మోకాళ్ల నొప్పి లేదు, రోజూ ఓడల పక్కన నిచ్చెనలెక్కేవాడు.

నేను కక్ష మనిషిని. ఈ మాట అమ్మే అంటుంది, నేను కాదనను. క్షమించడం నాకు చేతకాదు, నేర్చుకోవాలన్న కోరిక కూడా లేదు. ఆ ఒక్క రోజు కోసం నేను పులిని నేర్చుకున్నాను. మడమ ఎక్కడుంటుంది, భుజం ఎముక నడకలో ఎంత పైకి లేస్తుంది, చెవి వెనక తెల్ల మచ్చ ఎలా ఉంటుంది, అన్నీ నేర్చుకున్నాను. ఎక్కడ పులి బొమ్మ కనబడినా ముందు వెనక కాలు చూసేదాన్ని. ఇరవై ఏళ్ల పైన ఇలా గడిచింది. ఆయన ఇక్కడే రిటైరై, పోర్ట్ బ్లెయిర్‌లోనే ఇల్లు కట్టుకుని, కలెక్టరాఫీసుకి కొత్తగా వచ్చిన ప్రతి ఆఫీసరుకీ పులి బొమ్మలు కానుకలిస్తూ పెద్దమనిషిగా ఉన్నాడు. బజార్లో కనబడితే నేను రోడ్డు దాటి అవతలికి పోయేదాన్ని.

పోయిన సంవత్సరం ఆయనే నాకు ఫోన్ చేశాడు.

ఫెరార్గంజ్ దారిలో ఒక బడికి పొడవాటి ప్రహరీ గోడ ఉంది. దాని మీద పులులు వేయించాలని బడివాళ్లు ఆయన్ని అడిగారు. ఆయనకి ఈ వయసులో పరంజా ఎక్కే ఓపిక లేదు. చిన్న బొమ్మని గళ్లు గీసి గోడ మీద పెద్దది చేసే మనిషి కావాలంటే ఎవరో నా పేరు చెప్పారు. నన్ను గుర్తుపట్టలేదు. పట్టడానికి ఆనాడు నన్ను సరిగ్గా చూస్తే కదా. ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో అప్పటికి నాకే తెలియదు. ఆయన చేతి పని ఒకసారి నా చేతికి రావాలని మాత్రం అనిపించింది.

నాలుగు బొమ్మలిచ్చాడు. నల్లమల పులి, సుందరవనాల పులి, మధ్య భారతం పులి, హిమాలయాల కింది తరాయి పులి. ఒకటి గడ్డిలోంచి వస్తోంది, ఒకటి బురదలో, ఒకటి ఎండుటాకుల మీద, ఒకటి పొగమంచులో. ఒకటి అరచేతి వెడల్పు, ఇంకొకటి పుస్తకమంత. రెండు ఎడమకి నడుస్తున్నాయి, రెండు కుడికి. మీసాలూ కళ్లూ మాత్రం బాగా వేస్తాడు, ఒప్పుకోక తప్పదు.

"నాలుగూ నేను కళ్లారా చూసినవమ్మా. ఒక్కో పులి కోసం అడవిలో రోజుల తరబడి కాచుకున్నాను. నేను వేసినట్టే రావాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

"రాదు సార్" అన్నాను.

గళ్ల పని ఓపికతో కూడుకున్నది. చిన్న బొమ్మ మీద ప్లాస్టిక్ కాగితం పరిచి సమానంగా గళ్లు గీస్తాం. గోడ మీద సున్నంలో ముంచిన దారం లాగి కొట్టి అవే గళ్లు పెద్దవిగా వేస్తాం. ప్రతి గడికీ ఒక నంబరు. ఏ గడిలో ఏముందో అది మాత్రం చూసి గోడ మీద అదే గడిలో వేస్తాం. పులిని చూడం, గడిని చూస్తాం. మొదటి పులి పూర్తయింది. రెండో పులి భుజం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. రెండు చారలు కలిసి కింద గాలంలా వంకర తిరిగి ఉన్నాయి. ఈ గాలం నేను నిన్ననే వేశాను. నంబరు చూశాను. అదే గడి.

పరంజా మీంచి దిగి నాలుగు బొమ్మలూ నేల మీద పక్కపక్కన పరిచాను. గాలం నాలుగింటికీ ఉంది. నడుము దగ్గర విడిపోయిన మూడు చారలు నాలుగింటికీ ఉన్నాయి. కుడికి నడిచే పులులకి అవే చారలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. పులి రెండు పక్కలూ ఒకేలా ఉండవు, మనిషి రెండు అరచేతుల్లో గీతల్లాగే. నాలుగడవుల నాలుగు పులులూ ఒకటే పులి. ఎవరో తీసిన ఒక్క ఫొటో. అడవిలో రోజుల తరబడి కాచుకున్నానన్న మనిషి, ఇంట్లో కూర్చుని ట్రేసింగు కాగితం అటూ ఇటూ తిప్పి అచ్చు తీశాడు. మా నాన్నకి నిరుడు వేసిన చార ఈ ఏడు వెయ్యడం సిగ్గు. ఈ మనిషి మా నాన్నని నిలబెట్టి నవ్వించాడు.

ఫోన్ చేసి చెప్పొచ్చు. సార్, ఇలా ఉంది, మార్చండి అని. ఇంకొకరైతే చెప్పేదాన్ని. ఫోన్ చేసిన మాట నిజమే గానీ వేరే సంగతి అడిగాను.

"సార్, నాలుగూ ఒకే సైజులో, ఒకే ఎత్తులో, వరసగా పెడితే గోడకి నిండుగా ఉంటుంది. గడ్డీ అదీ కొంచెం కిందికి దించితే ఒళ్లు బాగా కనబడుతుంది."

"నువ్వు చెప్పింది బాగుందమ్మా. అలాగే కానీ."

అలాగే కానిచ్చాను. ఒక్క చార ఎక్కువ పెట్టలేదు, ఒక్క చార తగ్గించలేదు. అంత శ్రద్ధగా నేనే పనీ చెయ్యలేదు. కింద ఒక్కో పులి పేరు ఆయనే వచ్చి స్వహస్తాలతో రాసి, తాను కళ్లారా చూసినవని మరో వాక్యం చేర్చి వెళ్లాడు.

గోడ ఆవిష్కరణకి నాలుగు రోజుల ముందు, పిల్లల్ని మధ్యాహ్నం భోజనానికి వదిలారు. నేను పరంజా మీద కాళ్లు వేలాడేసుకుని టిఫిన్ డబ్బా విప్పాను. ఆయన అదే సమయానికి స్కూటరు దిగి, హెడ్‌మిస్ట్రెస్ గారికి గోడ చూపిస్తున్నాడు. ఆవిడ బెంగాలీ, నిదానం మనిషి. ఐదో తరగతి పిల్ల ఒకతె పళ్లెం పట్టుకుని గోడ ముందు నిలబడి చూస్తోంది. చాలాసేపు చూసి, టీచర్ని పిలిచింది.

"మిస్, యే చారోఁ ఏక్ హీ బాఘ్ హై. దేఖో, సబ్‌కా కందే పే హుక్ హై."

నాలుగూ ఒకటే పులి అట. అందరి భుజం మీదా గాలం ఉందట. మిగతా పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ఒక్కో పులి ముందూ ఒక్కొక్కరు నిలబడి గాలం మీద వేలు పెట్టారు. తర్వాత నడుము చారల మీద. వెతికే కొద్దీ దొరికాయి, పిల్లలకి అది ఆటయిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్లజోడు సర్దుకుని నాలుగు పులుల ముందూ నడిచారు. కింద పేర్లు చదివారు. ఫోన్ తీసి గోడని ఫొటో తీసి ఏదో నొక్కారు. రెండు నిమిషాలు పట్టలేదు, అసలు ఫొటో దొరికింది. ఆవిడ ఫోన్ ఆయన చేతిలో పెట్టి, చాలా మర్యాదగా, ఇది మీరు తీసిందేనా అని అడిగారు.

ఆయన ఎండలో నిలబడ్డాడు. ఫోన్ ఆవిడకే తిరిగి ఇచ్చేశాడు. పిల్లలు నవ్వుతున్నారు. నేను టిఫిన్ డబ్బాలో పులిహోర ఆఖరి మెతుకు దాకా తిన్నాను. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు. దిగి వెళ్లి కొంచెం సర్దిచెప్పొచ్చు, చెప్పలేదు. చూస్తూ కూర్చున్నాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు గోడ చెరపమనలేదు. పేర్ల కింద ఆ వాక్యం తీసేసి, మూడు పులులకి చారలు మార్చాలన్నారు. సోమవారం ఆవిష్కరణకి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు. ఆయన నా పరంజా కిందికి వచ్చాడు. మొహం ఎండిపోయింది.

"నువ్వు చూసే ఉంటావు కదమ్మా. చెప్పాల్సింది."

"వెంట్రుకవాసి తేడా రాకూడదన్నారు కదా సార్."

"ఇప్పుడేం చెయ్యాలి? వేరే ఫొటోలు తీసుకుందామా?"

"ఏ ఫొటో తీసుకున్నా ఆవిడ ఫోన్లో దొరుకుతుంది. ఫోన్లో లేని చారలు కావాలి."

"ఎక్కడున్నాయి?"

"డాలీగంజ్‌లో ఉన్నాయి. మా నాన్న దగ్గర. మీరొచ్చి అడగాలి."

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. నాన్నకి నేను ముందే చెప్పాను, ఎవరొస్తున్నారో, ఎందుకొస్తున్నారో. నాన్న అంతా విన్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి పాదు పందిరి నుంచి రెండు వెదురు గడలు ఊడదీసి కడిగాడు. చిక్కుడు తీగలు తెగాయని అమ్మ గోల పెట్టింది. నాన్న వినిపించుకోలేదు. నాన్న చేతుల్లో ఆ గడలు చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సారు గుమ్మంలో నిలబడి సంగతంతా చెప్పాడు. కాగితాలూ పెన్సిళ్లూ తెచ్చుకున్నాడు, నాన్న గీసిస్తే పట్టుకుపోదామని. నాన్న తల అడ్డంగా తిప్పాడు.

"నాకు కాయితం మీద సెయ్యి ఆడదండి. ఒళ్లుండాల. ఒళ్లు లేకుంటే చార రాదు."

"ఎవరినైనా పిలిపించండి."

నాన్న నావైపు చూశాడు.

"ఎవరూ లేరు నాన్నా. అందరూ డ్యూటీకెళ్లిపోయారు" అన్నాను. పచ్చి అబద్ధం. పాత పులివేషగాడు రెండిళ్ల అవతలే ఉంటాడు, గేటు దగ్గర నిలబడి పిలిస్తే వచ్చేవాడు. "సార్ ఉన్నారు కదా" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, నాన్నని చూశాడు, గడలు చూశాడు. సోమవారం గుర్తొచ్చి ఉంటుంది. చొక్కా గుండీలు విప్పుకున్నాడు. కూర్చుని తినే మనిషి ఒళ్లు, పొట్ట బెల్టు మీంచి బయటికి వచ్చింది. నాన్న ఆయన చేతులు చాపించి గడలు పట్టించాడు. చుట్టూ తిరిగి చూశాడు. వీపు మీద ఒక పులి, ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి, చారలు తొడ మీదికి దిగాలన్నాడు.

"ప్యాంటు పైకి మడవండి సార్" అన్నాను.

ఆయన వంగలేకపోయాడు. నేనే వెళ్లి మడిచాను, ఒక కాలికి. మోకాలు దాటాక ఆపాను.

నాన్న ముందు పసుపుపచ్చ పూశాడు. అది ఆరడానికి స్టాండు ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాడు. ఆరాక నల్ల రంగులో కుంచె ముంచాడు. చారల కోసం ఇరవై ఏళ్లుగా పట్టని కుంచె, మొదటి చార కొంచెం వణికింది. రెండోది వణకలేదు. పక్కటెముక దగ్గర మొదలుపెట్టి, పొట్ట మడత పడిన చోట విడదీసి, పాత కుట్ల గుర్తు దగ్గర మళ్లీ కలిపాడు. మూడు పక్కలకీ మూడు రకాలు. ఒకదాన్ని పోలినది ఒకటి లేదు. నేను ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ పోయాను. ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియని మొహం. నాన్న పని మధ్యలో మోకాలు ముందు గొంతుక్కూర్చుని, దాన్ని కాసేపు చూశాడు.

"ఆ రోజు నా మోకాలు సూపించినారు సార్. హాల్లో. పులికి మనిషి మోకాలుండదన్నారు. నిజమే. ఆయేల నుంచి నాకు తెలీకనే మోకాలు పెట్టినానని సానా సిగ్గయింది. తప్పు నాదే."

ఆయన తల వంచి నాన్నని చూశాడు. నిజంగానే ఆలోచించాడు, అది మొహంలో కనబడింది.

"ఏ హాల్లోనండీ? నాకు గుర్తు లేదు."

నా చేతిలోని ఫోన్ కింద పెట్టేశాను. ఇరవై ఏళ్లు నేను మోసిన రోజు ఆయన దగ్గర లేనే లేదు. నాన్న మాత్రం మామూలుగా కుంచె తుడుచుకున్నాడు.

"ఉండదు లెండి. తమరు కూకోమనడం మరిసిపోనారు. తమరి నోట ఆ మాట రాక నాను అలాగే నిలబడిపోనాను, అయిపోయేదాకా. నాకదే గుర్తుండిపోనాది."

ఆయన గడల మీద బరువు ఆనించి కాలు మార్చుకున్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఇంకా ఎంతసేపండీ, కాస్త కూర్చోవచ్చా" అని అడిగాడు.

"ఆరేదాకా కూకోకూడదండి. రంగు పోద్ది" అన్నాడు నాన్న. అది కక్షతో అన్న మాట కాదు, ఎవరికైనా అదే చెప్పేవాడు. చెప్పి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.

వరండాలో ఆయనా నేనూ మిగిలాం. ఫ్యాను గాలికి పొట్ట మీద చారలు అప్పుడే ఆరడం మొదలుపెట్టాయి. నేను లేచి వెళ్లి ఫ్యాను స్విచ్ ఆపేశాను.